మా యింట చేరిన చోడి

మన పాఠశాల వార్షిక పత్రికకు ఏదేని యొక వ్యాసమును వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. తెలుగు బోధించువాడను గనుక ఛందస్సునుగూర్చియో, కవుల కాలమునుగూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. కాని గడచిన అక్టోబరు మొదలు క్రిస్మసు వరకు మా యింట జరిగిన యొక సంగతి నా మనస్సును విడువకున్నది. అందు నా యపరాధము కొంత కలదు. విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపకరించునను తలంపుతో దానిని ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను.

గరివిడి రైల్వేస్టేషనునకు చేరువనే మా యిల్లు. అక్టోబరు మాసము వచ్చినచో మన తీరమువారికి మబ్బును జూచినను భయమే. 2014లో హుద్‌హుద్ తుపానును, 2018లో తిత్లీ తుపానును ఆ మాసముననే వచ్చెను. గడచిన అక్టోబరులోను మూడు దినములు విడువక వాన కురిసెను. మూడవనాటి సాయంకాలము నేను పాఠశాలనుండి మరలి వచ్చుచుండగా, స్టేషను త్రోవలో మూసియున్న యొక బడ్డీకొట్టు క్రింద సన్నని మూలుగు వినబడెను. వంగి చూచితిని. బురదలో తడిసి ముద్దయైన కుక్కపిల్ల యొకటి వణకుచుండెను. దాని తల్లి యెచ్చటను కానరాలేదు. చుట్టుప్రక్కల విచారింపగా, రెండు దినములుగా నది యొంటరిగానే యున్నదని చెప్పిరి. దానిని కండువాలో చుట్టి, గొడుగు దానికి పట్టి, నేను తడియుచు ఇల్లు చేరితిని.

మా అమ్మాయి దానిని తుడిచి, దీపము దగ్గర పెట్టి చూచెను. బురద వదలగా ఒంటిరంగు ఎఱ్ఱగా బయటపడెను. "నాన్నా, అచ్చము చోళ్ల రంగు. దీని పేరు చోడి" అనెను. మన ప్రాంతమున రాగులను చోళ్లందుము గదా! ఆ పేరే నిలిచిపోయెను. ఆ రాత్రి, ఒక ప్రాణిని కాపాడితిని గదా యను తృప్తితో నిద్రించితిని. ఆ తృప్తియే నా తప్పులకు మొదలని తరువాత తెలిసికొంటిని.

మొదటి తప్పు పాలతో జరిగినది. పసిదానికి పాలకన్న మేలైనది లేదని తలంచి, గ్లాసెడు గేదెపాలు పోసితిమి. అది ఆత్రముగా త్రాగెను. తెల్లవారునప్పటికి విరేచనములు పట్టుకొనెను. ముట్టిచూడగా ఒళ్లు వేడిగా నుండెను. జ్వరమని నా భార్యయు, చచ్చిపోవునని మా అమ్మాయియు కంగారుపడిరి.

గరివిడి యనగానే పెద్దవారికి మాంగనీసు గనులును, ఫెర్రో ఎల్లాయీసు కర్మాగారమును జ్ఞప్తికి వచ్చును. ఇప్పటివారు పశువైద్య కళాశాలనుగూడ చెప్పుదురు. అది తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చేరినది. ఎన్నో మారులు దాని మీదుగా పోయితిని గాని, లోపల అడుగుపెట్టవలసిన పని నాకు పడలేదు. ఆనాడు చోడిని అట్టపెట్టెలో నుంచుకొని అచ్చటి వైద్యశాలకు పోయితిని.

వైద్యురాలు చిన్నవయస్సువారు. ఉష్ణమాపకముతో చూచి నవ్వి, "మాస్టారూ, జ్వరము లేదు. మనకు 98.4 డిగ్రీలు ఎట్లో, కుక్కకు 101 మొదలు 102.5 వరకు అట్లు. మీ చేతికి వెచ్చగా తోచుట దానికి ఆరోగ్యమే" అని చెప్పిరి. గేదెపాలు ఆవుపాలు పెక్కు కుక్కపిల్లలకు సరిగా జీర్ణము కావనియు, తల్లిపాలు వేఱనియు తెలిపిరి. పండ్లను జూచి వయస్సు ఏడెనిమిది వారములని నిర్ణయించిరి. కడుపులోని పురుగులకు మందు పోసి, విరేచనములు కట్టిన పిమ్మట రమ్మని, నాలుగు దినముల తరువాత మొదటి టీకా వేసిరి.

అప్పుడొక చీటిమీద తేదీలు వ్రాసి నా చేతి కిచ్చిరి. డిస్టెంపరు, పార్వో అను వ్యాధులు పసికుక్కలను త్వరగా చంపునట. వానికి టీకాను మూడు నాలుగు వారముల కొకమారు, పదునాఱు వారముల వయస్సు నిండువరకు వేయింపవలెను. మూడు నెలలు నిండగానే రేబిస్, అనగా వెఱ్ఱికుక్క వ్యాధి, రాకుండ టీకా వేయింపవలెను. ఆపైన ఏటేట మరల వేయింపవలెను. "తేదీ తప్పవద్దు, మాస్టారూ" అని వారు రెండుమారులు చెప్పిరి. నేను చీటిని జేబులో నుంచుకొని ఇంటికి వచ్చి, పోకుండునని శబ్దరత్నాకరములో పెట్టితిని. ఆ నిఘంటువు మాట మరల రాగలదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన దినములలో మా గురువులొకరు, ఆకలిగొన్న పిల్లవానికి అక్షరము కనబడదనియు, ముందు వాని కడుపును తరువాత వాని పలకను చూడవలెననియు చెప్పుచుండెడివారు. ఇరువది సంవత్సరములుగా ఈ మాటను నేనును ఇతరులకు చెప్పుచున్నాను. అయినను చోడి వచ్చిన వారము దినములకే, దానిని ఎదుట నిలువబెట్టి, కూర్చుండుట, చేయి యిచ్చుట మొదలగు విద్యలను నేర్పనారంభించితిని. అది ఆవులించి నా చెప్పుమీద తల యుంచి నిద్రపోయెను. పసికుక్క దినమునకు పదునెనిమిది గంటల వరకు నిద్రించునని అప్పుడు నాకు తెలియదు.

దానికి నిజముగా కావలసినవి ఏవో మేము నెమ్మదిగా నేర్చుకొంటిమి. మొదటిది ఆహారము. చిన్న కడుపు గనుక దినమునకు నాలుగుమారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. మెత్తని అన్నములో ఉడికిన గ్రుడ్డును, ముల్లు తీసిన చేపను, ఒక్కొక్కప్పుడు కొద్దిగా పెరుగును కలిపి పెట్టుచుంటిమి. ఒట్టి గంజియన్నముతో దాని ఎముకలు బలపడవు. మనము తినునదెల్ల దానికి పనికిరాదు. ఉల్లిపాయయు వెల్లుల్లియు దాని రక్తమును చెఱచును. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష విషముతో సమానము. ఉడికిన కోడియెముక పేడులుగా చీలి ప్రేగులలో గ్రుచ్చుకొనును. ఇంతకుముందు ఆదివారపు కోడికూర యెముకలను వీధికుక్కలకు వేసి, పుణ్యము చేసితినని తలంచిన దినములు నాకు జ్ఞాపకము వచ్చినవి.

రెండవది నీరు. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక వ్రేలవేసి ఒగర్చుటచేతనే అది తన వేడిని తగ్గించుకొనును. మన యెండలలో నీడయు నీరును ఎల్లప్పుడు దాని కందుబాటున నుండవలెను. మట్టిమూకుడులో ఉదయము సాయంకాలము క్రొత్తనీరు పోయు పని మా అమ్మాయి తీసికొనెను. 

మూడవది పడుకొనుటకు తనదియగు చోటు. తొలి రాత్రులలో అది ఏడ్చి ఏడ్చి మమ్ము నిద్రపోనీయలేదు. వరండాలో నుంచితిమి, అచ్చటినుండియు ఏడ్చెను. తల్లి వెచ్చదనమును, తోడబుట్టినవారి ఒరపిడిని ఎరిగిన ప్రాణికి చీకటిలో ఒంటరితనము ఎట్లుండునో మేము తలంపలేదు. పాతచీర మడిచి వేసిన గంపను నా మంచము ప్రక్కన పెట్టి, దానిపై చేయి వేసి యుంచిన రాత్రి అది నిశ్శబ్దముగా నిద్రపోయెను. పది దినముల పిమ్మట గంప కొంచెము కొంచెముగా తలుపు వైపునకు జరిగినను అది యేడువలేదు.

నాలుగవది దెబ్బల భయము లేకుండుట. ఈ విషయమున నేను సిగ్గుతో వ్రాయవలసినది కలదు. ఒకనాడు నేను దిద్దిపెట్టిన జవాబు పత్రములమీద చోడి మూత్రము విడిచెను. కోపముతో వార్తాపత్రికను చుట్టి దానిని కొట్టితిని. అది మంచము క్రింద దూరి సాయంకాలము వరకు వెలుపలికి రాలేదు. తాను చేసినదానికిని ఆ దెబ్బకును గల సంబంధము దానికి తెలియలేదు. నా చేయి దెబ్బ కొట్టునని మాత్రము తెలిసినది.

మరునాడు తరగతిలో సరమ కథ వచ్చుట యాదృచ్ఛికము. నన్నయ భారతమున ఆదిపర్వములో జనమేజయుని యాగశాలకు ఆడుకొనుచు వచ్చిన పసికుక్కను రాజు సోదరులు నిష్కారణముగా కొట్టుదురు. దాని తల్లి సరమ రాజు నెదుట నిలిచి, నిరపరాధులను బాధించువారికి అనుకొనని యాపదలు కలుగునని చెప్పి పోవును. ఆ భారతమే తుదకు వచ్చునప్పటికి, తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమున కేగనని ధర్మరాజు నిలుచును. ఎన్నో యేండ్లుగా నేను సంధులు సమాసములు విడదీయుచు ఈ కథను చెప్పితిని. ఆనాడు పాఠము మధ్య నాకు గొంతు పట్టుకొనెను. అటుపిమ్మట తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే దానిని పెరటిలోనికి తీసికొనిపోయి, పని ముగియగానే మెచ్చుకొని వీపు నిమురుట ప్రారంభించితిమి. మూడు వారములలో అది తానే తలుపు గీరి బయటికి పోవుట నేర్చెను.

గొలుసు మాటయు చెప్పవలెను. మొదట దానిని జామచెట్టునకు మూరెడు గొలుసుతో కట్టి పాఠశాలకు పోవుచుంటిని. మన దేశమున 1960లో చేయబడిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, ప్రాణిని మిక్కిలి పొట్టి గొలుసుతో చాలసేపు కట్టియుంచుట నేరము. యజమాని చాలినంత ఆహారమును, నీటిని, నిలువ నీడను ఈయకుండుటయు నేరమే. నేను దయ యనుకొనినది చట్టము చెప్పు కనీస ధర్మమున కైనను చాలలేదు. గొలుసు తీసివేసి పెరటికి దడి కట్టించితిమి.

ఇట్లు నవంబరు గడచెను. చోడి బలిసి చురుకైనది. ఇంక అన్నియు సరిగా జరుగుచున్నవని నమ్మితిని. శబ్దరత్నాకరములోని చీటి శబ్దరత్నాకరములోనే యుండెను.

డిసెంబరులో అర్ధవార్షిక పరీక్షలు వచ్చినవి. సాయంకాలములయందు క్రిస్మసు నాటకమును అభ్యసించుటకు కొందరు పిల్లలు మా యింటికి వచ్చుచుండిరి. అందులో ఆఱవ తరగతి బాలుడొకడు చోడికి మిక్కిలి చనువు. ఒకనాటి పరీక్షలో నేను పర్యవేక్షకుడుగా నుంటిని. ఆ బాలుడు కలము పట్టలేక మెల్లమెల్లగా వ్రాయుట గమనించితిని. కుడిచేతి బొటనవ్రేలి మొదట గుడ్డ కట్టియుండెను. పరీక్ష ముగియగానే పిలిచి విప్పించితిని. కారమును నూనెయు పూసిన చిన్న గాయము. రెండు పంటిగాట్లు స్పష్టముగా నుండెను.

తల వంచుకొని నిలిచెను. ఎంత అడిగినను మొదట పలుకలేదు. తుదకు చెప్పినదానిని వాని మాటలతోనే వ్రాయుచున్నాను: "మొన్న ఆడతంటే కరిసేసిందండి. సెప్తే చోడిని ఒగ్గేస్తారని బయమేసిందండి మాస్టారు."

నా కాళ్లక్రింద నేల కదలినట్లయ్యెను. పంటి పాలు రాలు వయస్సున పసికుక్క ఆటలో కొరుకుట సహజము. కాని చోడికి నవంబరు నడుమ వేయింపవలసిన రేబిస్ టీకా వేయింపబడలేదు. అది వానలో ఒంటరిగా నుండిన దినములలో దానిని ఏ ప్రాణి కరచెనో యెవరికి తెలియును? ఆ వ్యాధి లక్షణములు ఒకమారు పొడసూపిన పిమ్మట మనిషి బ్రదుకుట దాదాపు లేదు. ముందుగా మందు పడినచో దాదాపు తప్పక నివారింపవచ్చును. అప్పటికే రెండు దినములు గడచినవి.

వానిని కుళాయి దగ్గరకు తీసికొనిపోయి, కారమంతయు పోవునట్లు సబ్బుతో, పారు నీటిలో పదునైదు నిమిషములు గాయమును కడిగితిని. కాటు పడిన వెంటనే చేయవలసిన మొదటి పని యిది, ఆలస్యమైనను చేయవలసినదే. కారము, సున్నము, పసరు, కాఫీపొడి మొదలగునవి గాయములో నెన్నడు పెట్టరాదు. అచ్చటినుండి వాని యింటికి పోతిమి. తండ్రి కూలిపనినుండి అప్పుడే వచ్చెను. నాయనమ్మ ఆసుపత్రి మాట వినగానే, "బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు బాబూ, పిల్లడు ఓర్చుకోలేడు" అని కంటనీరు పెట్టుకొనెను. ఆమె భయము ఊరక పుట్టినది కాదు. పూర్వము గొఱ్ఱె మెదడునుండి చేసిన టీకాను కడుపుమీద అట్లే వేసెడివారు. మన దేశమున దాని తయారీ 2005 నాటికి నిలిచిపోయెను. ఇప్పటి టీకా చేతికే వేయుదురు. ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా దొరకును. ఈ సంగతి ఆమెకు చెప్పితిని. పిమ్మట తండ్రి వైపు తిరిగి, "తప్పు మీ పిల్లవానిది కాదు, నాది. టీకా వేయింపవలసిన తేదీని నేను దాటవేసితిని" అంటిని. అతడు కొంతసేపు మాటాడలేదు. "ముందు పిల్లోడి సంగతి సూద్దాం మాస్టారు, నడండి" అని చొక్కా తొడుగుకొనెను.

ఆ రాత్రియే విజయనగరము ప్రభుత్వ వైద్యశాలలో వానికి మొదటి టీకా వేసిరి. రక్తము వచ్చిన కాటు గనుక గాయము చుట్టును సీరమునుగూడ వేసిరి. మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములలో మరల రావలెనని చెప్పిరి. కుక్కను కాటు పడిన నాటినుండి పది దినములు కనిపెట్టి చూడుడనిరి. కాటువేసిననాడు కుక్క ఎంగిలిలో ఆ విషక్రిమి యున్నయెడల, పది దినములలో కుక్కయే వ్యాధిపాలై చచ్చును. అది ఆరోగ్యముగా నున్నచో భయము లేదు. అయితే ఆ పది దినములు గడచువరకు మనిషికి టీకా వేయింపకుండ వేచియుండరాదు. రెండును ఏకకాలమున సాగవలెను.

మరునాడు ప్రొద్దున్నే ఆ బాలుడు మా దడి వెలుపల నిలిచియుండెను. లోపలికి రాలేదు. చోడి అన్నము తినుట చూచి, తల యూపి, పాఠశాలకు పోయెను. ప్రతిదినమును అట్లే వచ్చెను. కాటు పడిన ఆఱవనాడు చోడి అన్నము ముట్టలేదు. నోటివెంట చొంగ కారుచుండెను. బాలుడు దడి పట్టుకొని నిలిచి నా ముఖము చూచెను. నేను వానితో ఏమి చెప్పితినో జ్ఞాపకము లేదు. కళాశాల వైద్యశాలవారికి టెలిఫోనులో లక్షణములు చెప్పి, వారు చెప్పినట్లు దాని నోటిని ముట్టక, పెట్టెలో నెక్కించుకొని పోతిని. వైద్యురాలు చేతితొడుగులు ధరించి, చాలసేపు పరీక్షించి, చిమటాతో ఒక చిన్న పన్నును తీసి తెల్లని గుడ్డమీద పెట్టిరి. ఊడుచున్న పాలపన్ను చిగురులో చిక్కి వాచినదట. నన్ను ఆమె ఒక్కమాటయు అనలేదు. నా చేతిలోని చీటిని, దానిపై గడచిపోయిన తేదీలను చూచి ఊరకుండిరి. ఆ మౌనమును నేను మరువలేను.

ఆ రాత్రులలో లూయీ పాశ్చరును మాటిమాటికి తలంచితిని. 1885 జూలై 6వ తేదిని, వెఱ్ఱికుక్క కరచిన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి ఆయన తన టీకాను తొలిసారి వేయించెను. ఆ బాలుడు బ్రదికెను. దక్షిణభారతమున 1907లో కూనూరులో పాశ్చరు పేరిట సంస్థ వెలసెను. అంతకుముందు కుక్క కరచినచో మంత్రమో, వాతయో తప్ప మన పెద్దలకు దిక్కు లేదు. మా త్రోవలో, నడచి పోగల దూరమున టీకా యుండగా, పరీక్షాపత్రముల మిషతో దానిని విడిచినవాడను నేను.

పది దినములును గడచినవి. చోడి ఆరోగ్యముగా నుండెను. పదునొకండవనాడు దానికి రేబిస్ టీకాను, తప్పిపోయిన రెండవ టీకాను వేయించితిమి. క్రిస్మసు నాటకములో ఆ బాలుడు గొఱ్ఱెలకాపరి వేషము వేసెను. వాని తండ్రి మొదటి వరుసలో కూర్చుండెను. జనవరిలో వాని కడపటి టీకాయు పూర్తియయ్యెను.

విద్యార్థులారా, మీకు రెండు మాటలు. కుక్క గాని పిల్లి గాని కరచినను గీరినను, సబ్బుతో కడిగి, ఆనాడే పెద్దలకు చెప్పుడు. మీరు చెప్పుటవలన ఆ ప్రాణికి కీడు కలుగదు. దాచుటవలననే ఇద్దరికిని కీడు. తల్లిదండ్రులారా, మీ పిల్లలు వీధినుండి కుక్కపిల్లను తెచ్చినచో వారి దయను కోపగింపకుడు. అయితే ఆ సాయంకాలమే కూర్చుండి, దినమునకు నాలుగుమారులు అన్నము ఎవరు పెట్టుదురు, నీరు ఎవరు పోయుదురు, టీకా తేదీని ఎవరు చూచుదురు అని విచారించుకొనుడు. ఆఱు నెలల వయస్సున పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుటయు ఆ లెక్కలోనిదే. లేనిచో బడ్డీకొట్ల క్రింద మూలుగు పిల్లలు ఏటేట పుట్టుచునే యుందురు. వానలో తడిసినదానిని ఎత్తుకొని వచ్చుట ఒక్క సాయంకాలపు పని. దాని యవసరములను కనిపెట్టుట పది పండ్రెండేండ్ల పని.

వైద్యురాలు వ్రాసి యిచ్చిన చీటి యిప్పుడు శబ్దరత్నాకరములో లేదు. మా వంటగది గోడమీద, కాలెండరు ప్రక్కన అంటించియున్నది. రాబోవు టీకా తేదీ క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీయబడినవి. ఆ గీతలను గీసినది ఆ ఆఱవ తరగతి బాలుడు. ఆ తేదీన చోడిని తానే తీసికొనిపోవుదునని నావద్ద మాట తీసికొనెను.